చింతపండుతో తోమిన టిబెట్టు కడియం

అయిదో తరగతిలో నేను బడి మానేశానని అందరికీ చెప్పుకుంటాను. మా మాస్టారినడిగితే, బడే నన్ను మానేసిందని చెప్పేవారు. అయినా లోకంలో నాకు తెలియని సంగతి లేదని ఇరవై ఆరేళ్ళ వయసులో నా గట్టి నమ్మకం. ఆమదాలవలస స్టేషను నుంచి శ్రీకాకుళం ఊళ్ళోకి జట్కా తోలేవాణ్ణి. దారి పొడుగునా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహాలు చెప్పేవాణ్ణి. గుర్రం ఎదురుచెప్పకుండా వినేది కాబట్టి దానికి కూడా నా మీద గౌరవమే అనుకునేవాణ్ణి.

అప్పటికి అరవైలు అయిపోవస్తున్నాయి. చలికాలం వచ్చిందంటే స్టేషను బయట టిబెట్టు వాళ్ళు దుప్పటి పరిచి కూర్చునేవారు. పర్లాకిమిడి అవతల, ఒరిస్సా కొండల్లో సర్కారు వాళ్ళకి చోటిచ్చిందట. ఉన్ని స్వెటర్లు, పూసల దండలు, వెండిలా మెరిసే నగలు అమ్మేవారు. మా వైపు స్వెటరు కొనేవాడెవడు? చలికి చుట్ట చాలు. జనం చుట్టూ మూగి, ప్రతిదీ ముట్టుకుని చూసి, రైలు కూత వినగానే చెదిరిపోయేవారు.

ఆ ఏడు బొబ్బిలిలో మా ఆవిడ చెల్లెలి పెళ్ళి కుదిరింది. మా ఆవిడ ఇంటికి పెద్దపిల్ల. పెళ్ళికొడుకు గుమ్మంలోకి రాగానే హారతి పళ్ళెం పట్టాల్సింది తనే.

"మావా, పళ్ళెం పట్టుకుంటే అందరి కళ్ళూ సేతుల మీదే ఉంటాయి. ఒట్టి మట్టిగాజులతో నాను ఆ గుమ్మంలో నిలబడనేను. ఒక్క కడియం సాలు" అంది.

పెళ్ళయిన ఏడేళ్ళలో తను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. నేను మర్నాడే దుప్పటి ముందు గొంతుక్కూర్చున్నాను.

అమ్మేది ఒక పెద్దావిడ. రెండు జడలు, నడుముకి ముందువైపు చారల గుడ్డ. ఆవిడ తీసిన కడియం చూస్తే నా కళ్ళు తిప్పుకోలేకపోయాను. చుట్టూ పువ్వులు, తీగలు చెక్కి ఉన్నాయి. గీతల్లో నలుపు, మధ్యలో ఆకాశం రంగు రాయి. గుర్రాన్ని పళ్ళు చూసి కొన్నవాణ్ణి, కడియం నాకో లెక్కా? చేత్తో బరువు చూశాను. బండరాయి మీద తట్టి చప్పుడు విన్నాను. ఆఖరికి కొరికాను. నా పన్ను గట్టిదనం తెలిసింది గానీ కడియం సంగతి తెలియలేదు.

ఆవిడ వచ్చీరాని ఒడియాలో చాలాసేపు ఏదో చెప్పింది. నాకు ఒడియా వచ్చని స్టేషనులో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. నిజానికి వచ్చినవి ఎక్కు, దిగు, మూటలెన్ని, అంతే. ఆవిడ నీళ్ళ చెంబు చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. పొడిగుడ్డతో కడియాన్ని పసిపిల్ల చెంప తుడిచినట్టు తుడిచి చూపించింది. టీ కొట్టు దగ్గర నలుగురూ నన్నే చూస్తున్నారు. వాళ్ళ ముందు తెలియలేదని ఎలా అంటాను? ఆవిడ అన్న ప్రతిదానికీ తలూపాను.

మా ఆవిడ కడియం వేసుకుని ఎండలో కూర్చుని చెయ్యి ఇటూ అటూ తిప్పుకుంది.

"ఈ నలుపుంది కాబట్టే పువ్వులు అవుపడతన్నాయి, సూడు మావా."

"నలుపేటే, మురికది. వాళ్ళ పొయ్యి పొగ పట్టీసుంటాది."

"పట్టనీ. నాకు బాగున్నాది. నువ్వు ముట్టుకోకు."

ముట్టుకోకుండా ఉంటే అది నేనెందుకవుతాను? పెళ్ళికి రెండు రోజుల ముందు పొద్దున్న పెరట్లో గుర్రం మువ్వలు తోముతున్నాను. వారం వారం చింతపండు, ఇటికపొడి వేసి తోమితే ఇత్తడి బంగారంలా తళతళలాడేది. ఆ చేత్తోనే, మా ఆవిడ పెట్టెలో దాచుకున్న కడియం తీశాను. బొబ్బిలి వాళ్ళ కళ్ళు చెదరాలి కదా! నాలుగు రుద్దులకి నలుపు పోయింది. ఈల వేశాను. ఇంకో పది రుద్దులకి తెలుపు కూడా పోయి, లోపల్నుంచి ఎర్రగా ఏదో తొంగిచూసింది. అదీ మురికేమోనని ఇంకాస్త గట్టిగా తోమాను. రాయి ఊడి బొటనవేలికి అంటుకుని వచ్చింది.

మా ఆవిడ నూతి దగ్గర్నుంచి నీళ్ళబిందెతో వచ్చి చూసింది. బిందె దింపి లోపలికెళ్ళింది. తిట్టినా బాగుండేది.

కంసాలి దగ్గరికి పరిగెత్తాను. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇది వెండేటిరా? రాగీ తగరం కలిపి పోసి, పైన పలచగా వెండి పూత పూసినారు. అచ్చం వెండివి ఆళ్ళ ఒంటి మీద ఉంటాయి గానీ, దుప్పటి మీద ఎట్టి అమ్ముతారేటి?"

"మరి ఆ నలుపు?"

"సేసినోడు కావాలనే ఎట్టినాడ్రా. గీతలో నలుపు లేపోతే పువ్వు లేదు. దీనికి పొడిగుడ్డ సాలు. తానం సేసినపుడు తీసి, నూలుగుడ్డలో సుట్టి దాసుకోవాలి. పులుపు తగిలితే పూత నిలుస్తాదేటి? గుర్రం మువ్వనుకున్నావా?"

"పూత మళ్ళీ వెయ్యి."

"ఏస్తాను. ఇటికపొడికి అరిగిపోయిన పువ్వుల్నెక్కడ్నుంచి తెస్తాను? రేపు రైలంటన్నావు."

కడియం, రాయి గుడ్డలో కట్టుకుని స్టేషనుకి పోయి, ఆ పెద్దావిడ మీద కేకలేశాను. అరుస్తుంటే టీ కొట్టాయన వచ్చాడు. ఆయనది ఒరిస్సా. ఆవిడ మాటలు విని నా వైపు తిరిగాడు.

"ఆవిడ అన్నీ సెప్పిందటరా. ఇది కలిపిన లోహమనీ, అందుకే సవగ్గా ఇస్తన్నాననీ, నీళ్ళూ పులుపూ తగలనీకనీ సెప్పిందట. నువ్వు తలూపినావట గదా!"

ఆవిడ కడియం తీసుకుని, పువ్వులుండాల్సిన చోట బొటనవేలితో తడిమింది. కుంటిదయ్యేదాకా గుర్రాన్ని బాదినవాణ్ణి నేనెలా చూస్తానో నన్నలాగే చూసింది. మైనం లాంటిదేదో పెట్టి రాయి అతికించి ఇచ్చింది, ఊరికే. నాకు ఇంకా మండింది.

బొబ్బిలికి మా ఆవిడ మట్టిగాజులతోనే వచ్చింది. పెళ్ళికొడుకు గుమ్మంలోకొచ్చిన వేళ హారతి పళ్ళెం పిన్నికూతురి చేతికిచ్చి, తను గుంజ వెనక నిలబడింది, చేతులు రెండూ కొంగులో దాచుకుని. తర్వాత చెల్లెలు పీటల మీద నుంచి అక్క కోసం మెడ చాచి వెతకడం నేను చూశాను. అటు చూడలేక మగవాళ్ళ మధ్య కూర్చుని, టిబెట్టు ముసలిది నన్నెలా ముంచిందో కథ కట్టి చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. వాళ్ళు నవ్విన కొద్దీ నా ఒళ్ళు మండిపోయింది. గుంజ వెనక మనిషి మాత్రం నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో విజయనగరంలో రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద మూట మీద కూర్చుని, మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాను: పరదేశపు మనిషి, దొంగ బేరం, ఈసారి కనపడితే దుప్పటితో సహా లాగి పారేస్తాను. మా ఆవిడ నా వైపు తిరిగింది.

"ఆవిడ ఇచ్చిన్నాడు నా సేతికి కడియం ఉన్నాది మావా. నువ్వు తోమిన్నాడు లేదు. మరి నా కడియం తీసుకున్నదెవులు?"