ఎనిమిదో ఫోటో

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా నాన్నగారు సైన్సు మేష్టారు. కాకినాడలో మా ఇంటి పక్క పాత గోడౌన్లో ఏదో తిరుగుతోందని వీధంతా భయపడుతుంటే, నన్నూ తమ్ముణ్ణీ లోపలికి తీసుకెళ్లి గబ్బిలాలను చూపించిన మనిషి. ఆయన కూతుర్ని కాబట్టే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అరవైల చివర్లో, పెళ్లయిన కొత్తలో, మేం తార్నాకలో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. మా ఆయన యూనివర్సిటీలో జియాలజీ డెమాన్‌స్ట్రేటర్. రాళ్ల ఫోటోల కోసం ఒక డబ్బా కెమెరా కొన్నారు. రీలుకు పన్నెండు ఫోటోలు. వెనక చిన్న ఎర్ర అద్దం ఉండేది. ఒక ఫోటో తీశాక మీట తిప్పితే ఆ అద్దంలో తర్వాతి నంబరు కనిపించేది. తనంతట తాను ఫోటో తీసే ఏర్పాటు దానికి లేదు. దూరంగా ఉన్నది దగ్గరగా చూపించే ఏర్పాటూ లేదు.

మొదట్లో ఆదివారాలు ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. గోల్కొండ, ఉస్మాన్‌సాగర్, ఏదీ కుదరకపోతే క్యాంపస్ వెనక గుట్టలు. అప్పట్లో అటు నడిస్తే మనుషుల కంటే బండలే ఎక్కువ. మధ్యమధ్య సీతాఫలం పొదలు, తంగేడు, అప్పుడప్పుడూ నెమళ్లు. ఫోటో తీయడం ఆయనే నేర్పారు. ఎండ వీపున పడాలి, ఊపిరి బిగబట్టాలి.

ఆ వేసవిలో నాకు ఐదో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మా మధ్య మాటలు తగ్గిపోయాయి. దెబ్బలాట కాదు. ఏం మాట్లాడినా అక్కడికే వెళ్తుందని ఇద్దరికీ భయం. వానలు మొదలయ్యాక ఆయన స్టూడెంట్లతో ఫీల్డు క్యాంపుకని నెల రోజులు వెళ్లారు. క్యాంపుకు డిపార్ట్‌మెంటు వాళ్ల కెమెరా ఉందట. మాది నా చేతిలో పెట్టి, "ఊరికే కూర్చోకు రాజ్యం, అలా నడిచి ఏమైనా తీసుకుంటూ ఉండు" అన్నారు.

అలాగే చేశాను. మా ఇల్లుగలావిడ గేటు దగ్గర ఆపి, "ఒక్కదానివే గా గుట్టలల్ల ఏం తిరుగుతవ్ బిడ్డా? పాములుంటయ్" అనేది. నవ్వి వెళ్లిపోయేదాన్ని. ఇంట్లో కూర్చుంటే పక్కవాళ్ల పసిపిల్ల ఏడుపు వినిపించేది.

ఆ రోజు ఏడో ఫోటో ఒక పిచ్చుకగూడుది. అది తీసి, మీట తిప్పి, ఎనిమిది నంబరు తెచ్చుకున్నాను. బాగా గుర్తు. తర్వాత పాత రాళ్ల క్వారీ గుంట అంచున ఒక పెద్ద బండ మీద కూర్చున్నాను. ఆ బండ నా కాళ్ల దగ్గరే నిలువుగా తెగిపోతుంది. రెండు నిలువుల కింద వాన నీళ్లు. మధ్యాహ్నం మూడయి ఉంటుంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. కెమెరా ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు.

లేచాక ఒక తంగేడు కొమ్మ తీద్దామని చూస్తే ఎర్ర అద్దంలో తొమ్మిది ఉంది. మీట రెండుసార్లు తిప్పేశానేమో, ఒకటి దండగైంది అనుకున్నాను.

సీతాఫల్‌మండిలో ఒక చిన్న స్టూడియోలో రీలు కడిగించాను. ఫోటోలు ఇస్తూ స్టూడియో ఆయన ఒకటి పైకి తీశాడు. "మీ సారు మంచిగ తీసిండమ్మా. గిదొక్కటి పెద్దగ చేసి ఫ్రేమ్ కట్టిస్తే మస్తుగుంటది."

అందులో నేనున్నాను. బండ మీద, ఒళ్లో కెమెరాతో. నా చీర అంచూ, కెమెరా తోలు పట్టీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎదురుగా పది పన్నెండు అడుగుల నుంచి తీసినట్టుంది.

"ఇది మా రీలుది కాదండీ. ఎవరిదో కలిసిపోయింది" అన్నాను.

"గట్లెట్ల కలుస్తదమ్మా? ఫోటోల ఉన్నది మీరే గదా!" అని నెగెటివ్ ముక్క వెలుగుకు పట్టి చూపించాడు. తెగకుండా ఒకే ముక్కలో మూడు ఫోటోలు. పిచ్చుకగూడు, నేను, తంగేడు కొమ్మ.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఫోటోలో నేను ఏడవడం లేదు. తల ఎత్తి సూటిగా కెమెరా వైపు చూస్తున్నాను. బాగా తెలిసినవాళ్లు ఎదురుగా నిలబడితే చూసినట్టు.

మా ఆయన వచ్చాక దాచాలనిపించలేదు. కవరు అలాగే చేతికిచ్చాను. ఒక్కొక్కటే చూస్తూ దాని దగ్గర ఆగారు.

"ఎవరు తీశారు?"

"ఎవరూ లేరండీ. నేనొక్కదాన్నే ఉన్నాను."

"కెమెరా నీ ఒళ్లోనే ఉంది కదా. మరెవరు తీశారు?"

"నాకు తెలియదు."

ఇంకేమీ అడగలేదు. అరిచినా బాగుండేది. వారం రోజులు పెట్టింది తిని, అటు తిరిగి పడుకున్నారు. నా మీద ఆయనకు ఏ అనుమానం వచ్చిందో తెలుస్తూనే ఉంది. ఏం చెప్పుకోను? ఆయన స్థానంలో నేనున్నా అదే అనుకునేదాన్ని. ఆ నెల రోజుల ఒంటరితనం కంటే, ఆయన ఇంట్లో ఉన్న ఆ వారమే నాకు ఎక్కువ కష్టంగా గడిచింది.

ఆదివారం పొద్దున కొత్త రీలు వేసి, "పద, ఆ చోటు చూపించు" అన్నారు.

తీసుకెళ్లాను. బండ మీద కూర్చోబెట్టి, ఫోటో చేత్తో పట్టుకుని ఎదురుగా వెళ్లబోయి ఆగిపోయారు. ముందుకు వెళ్లడానికి ఏముంది, గుంటే కదా. కుడి పక్క నుంచి తీశారు, ఎడమ పక్క నుంచి తీశారు. చుట్టూ తిరిగి అవతలి ఒడ్డుకు వెళ్లి అక్కణ్ణుంచీ తీశారు. ఆ రీలు ఆయనే కడిగించి తెచ్చారు. పక్కల నుంచి తీసినవాటిలో నా మొహం సగమే పడింది. అవతలి ఒడ్డు నుంచి తీసినదాంట్లో నేను అగ్గిపుల్లంత ఉన్నాను.

ఆ ఫోటోలు తెచ్చిన మర్నాడు సాయంత్రం డిపార్ట్‌మెంటు నుంచి పెందలాడే వచ్చి, నన్ను మళ్లీ అక్కడికి తీసుకెళ్లారు. బండ అంచున నిలబడి కిందికి చూశారు.

"అక్కడ నిలబడడానికి నేల లేదు రాజ్యం. గాలిలో నిలబడి తీయాలి" అన్నారు.

వచ్చి నా పక్కన కూర్చున్నారు. "ఆ రోజు ఇక్కడ ఏం చేస్తున్నావు?"

"ఏడుస్తున్నాను."

"దేనికి?" అని అడగలేదు. "నేనూ ఆ క్యాంపులో టెంటులో..." అని ఆగిపోయారు. ఆ పసిదాని గురించి మేమిద్దరం మొదటిసారి మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే. ఆడపిల్ల అని ఆసుపత్రిలో ఆయనకు చెప్పారట. నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత మాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. నాగార్జునసాగర్, భద్రాచలం, ఎక్కడికి వెళ్లినా కెమెరా నా చేతిలోనే ఉండేది. మా ఆయన ఆ నెగెటివ్‌ను చాలా ఏళ్లు భూతద్దం పెట్టి చూశారు. తెలిసిన కెమెరా మెకానిక్‌కు కూడా చూపించారు. అతనికీ ఏమీ అంతుపట్టలేదు.

వీటన్నిటికీ ఏదో మామూలు కారణమే ఉండి ఉంటుందని ఇప్పటికీ అనుకుంటాను. అదేమిటో మాత్రం చెప్పలేను. ఫోటో ఎవరు తీశారన్న దాని గురించి ఈ మధ్య అంతగా ఆలోచించడం లేదు. ఆ మధ్యాహ్నం నేను తల ఎత్తినట్టే నాకు గుర్తు లేదు. మరి అంత చనువుగా ఎవరి వైపు చూశాను?