తీగల్లేని గిటారు, ఆరెంజి బటన్

పోయిన వారం కడపలో ఉద్యోగం చేసే మా అమ్మాయి నా ఫోనుకు ఒక ఫోటో పంపి, దాని కింద "నాయనా, వేరే కంపెనీవాళ్ళు కొత్తగా చేసినారంట. పాతవాటికన్నా శానా బాగుండాదంట. తెప్పించేదా?" అని రాసింది. ఫోటోను పెద్దది చేసి, కళ్ళద్దాలు తుడుచుకొని చూస్తే, గిటారు మెడ మీద వరసగా ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, ఆరెంజి బటన్లు కనపడ్డాయి. లేచిపోయి బీరువాలోంచి 2009వ సంవత్సరం డైరీ తీశాను.

నా ఈడు పాఠకులకు ఆ వస్తువేమిటో చెప్పాలి, నాకే ఇప్పటికీ పూర్తిగా అర్థం కాకపోయినా. అది గిటారు ఆకారంలో ఉండే ప్లాస్టిక్ బొమ్మ, తీగలుండవు, తనంతట తాను ఏ స్వరమూ పలకదు. టీవీకి వీడియోగేము పెట్టెను తగిలిస్తే తెర మీద రంగు చుక్కలు రోడ్డు మీద లారీల మాదిరి మన మీదికి వస్తాయి. ఏ రంగు చుక్క వస్తే ఆ రంగు బటన్‌ను ఎడమ చేతివేలితో నొక్కి, కుడిచేత్తో మధ్యలోని పట్టీని మీటాలి. సరిగ్గా మీటితే పాట సాగుతుంది, తప్పితే ఆగి గొణుగుతుంది. మా చిన్నతనంలో పీర్ల పండుగకు పక్కింటి సాయిబు బుల్‌బుల్ వాయించేవాడు. దానికీ మీటలుండేవి గానీ, కింద తీగలు కూడా ఉండేవి. మీట ఉండి తీగ లేని వాద్యం నేనెరిగిన లెక్కల్లో ఎక్కడా ఇమడలేదు.

అప్పటికి ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో మీటర్లు సరిచేసే సెక్షన్ నుంచి నేను రిటైరయ్యాను. అమ్మాయి డిగ్రీ చదువుతూ సాయంత్రాలు టైపు నేర్చుకునేది. లోయరు పాసై హయ్యరుకు కూర్చోబోతుండగా, ఇన్‌స్టిట్యూట్ నుంచి వస్తున్న ఆటో బోల్తాపడి ఎడమచేతి వేళ్ళు నలిగిపోయాయి. మూడు వేళ్ళు మెల్లగా దారికొచ్చాయి, ఉంగరం వేలు ఆలస్యంగానైనా వంగింది, చిటికెన వేలు మాత్రం కొయ్యలా నిలబడింది. ఆరు నెలల్లోపల వంచి వంచి దారికి తెచ్చుకోవాలని, ఆ తర్వాత కీలు బిగుసుకుపోతే మన చేతిలో ఉండదని డాక్టరు చెప్పాడు. టైపులో మొదటి అక్షరమే ఆ వేలిది. ఇంకేముంది, ఆ పిల్ల పరీక్ష మాటే ఎత్తడం మానేసింది. డాక్టరిచ్చిన రబ్బరు బంతి మంచం కింద దుమ్ము పట్టింది.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు పలకరించడానికి వచ్చి ఈ గేము పెట్టెనూ గిటారునూ వదిలిపోయాడు. వచ్చిన రోజే వాడు వాయించి చూపిస్తుంటే మా ఇంటామె వంటింట్లోంచి వచ్చి, "ఏమప్పా, సంగీతం తెచ్చినా అంటివి, ఇది టైపు మిషను మాదిరి టకటకమంటాండాది కదా!" అంది. "సంగీతం టీవీలో వస్తాది అత్తా, దీంట్లో కాదు," అన్నాడు వాడు. "అట్లయితే టీవీనే పాడనీ, మధ్యలో నీకెందుకు శ్రమ?" అందామె. మేమందరం నవ్వాం. ప్రమాదం జరిగాక అమ్మాయి నవ్వడం అదే మొదలని ఆనాటి డైరీలో ఉంది.

బంతి ముట్టని పిల్ల ఆ గిటారు మాత్రం దించేది కాదు. నాలుగు రంగులు తగిలేవి, చిటికెన వేలి కిందికొచ్చే ఆరెంజి మాత్రం ప్రతిసారీ తప్పేది. బటన్ గట్టిగా ఉందనేది. నేను నమ్మాను. మీటరు తప్పు చూపిస్తే విప్పి చూడటం నా చేతికి అలవాటైన పని. డైరీలో రంగుకొక గడి గీసి, తప్పినప్పుడల్లా గుర్తు పెట్టేవాణ్ణి. స్ప్రింగు మార్చాను, నూనె చుక్క వేశాను, ఆ విప్పడాలలోనే గిటారు మెడ వదులైపోయింది. మేనల్లుడు ఇంకొకటి పంపాడు, అసలు కంపెనీది కాదు, దాని మాదిరే వేరేవాళ్ళు చేసింది. దానికి మీటే పట్టీ మొరాయిస్తే సరిచేశాను, ఆరెంజి సంగతి షరా మామూలే. ఊళ్ళోని నెట్ సెంటరుకు పోయి వెతికిస్తే, ఏవేవో దేశాల్లో మీసాలొచ్చిన మగవాళ్ళు ఈ బొమ్మ స్ప్రింగుల గురించి పేజీలు పేజీలు రాసుకొని, ఫలానా కంపెనీ అయినా ఈసారి మెత్తటి బటన్లు పెట్టకపోతుందా అని ఎదురుచూస్తున్నారు. వాళ్ళ బాధేమిటో అర్థం కాలేదు గానీ, ఆ ఆశలో నేనూ చేరిపోయాను. నెలలు దొర్లుతున్నాయి, మెత్తటి బటన్ వస్తే వేలు వంగుతుందని నా లెక్క.

మా సెక్షన్లో పాత ఫోర్‌మన్ నేర్పిన పద్ధతొకటుంది: మీటరు తప్పంటే విప్పే ముందు దాన్ని చదివే మనిషిని మార్చి చూడాలి. ముప్ఫై ఏళ్ళు దాన్ని కొత్తవాళ్ళకు నేనే నేర్పాను. ఇంట్లో మాత్రం ఆ పని చేయలేదు. బటన్‌ను స్క్రూడ్రైవరు పిడితో నొక్కి చూశానే తప్ప, పెద్దవాణ్ణి, పిల్లలాట మెడకు తగిలించుకుంటే బాగుండదని సిగ్గుపడ్డాను. ఒక పగలు తల్లీకూతుళ్ళు డాక్టరుకు చూపించుకోవడానికి కడపకు పోయినప్పుడు, తలుపు గడియ పెట్టి, బెల్టు పొడుగు చేసి గిటారు తగిలించుకున్నాను. ఎడమచేతి చిటికెన వేలిని ఆరెంజి మీద ఆనించాను. నా మొద్దు వేలికి కూడా ప్రతి చుక్కా తగిలింది. గిటారులో ఏ లోపమూ లేదని ఒక్క క్షణం సంతోషించాను కూడా. ఆ తర్వాతే లోపం ఎక్కడుందో తెలిసొచ్చి, గిటారు మెడలోంచి తీసి డైరీ ముందేసుకున్నాను. ఆనాటి పేజీలో "ఆరెంజి బాగానే ఉంది" అని ఒక్క ముక్క రాశాను, మిగిలిందంతా ఖాళీ. నా డైరీల్లో అంత ఖాళీ పేజీ మరొకటి లేదు.

సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చారు. డాక్టరు ఇంకా చూద్దాం అన్నాడట. అమ్మాయి గిటారు చేతిలోకి తీసుకొని, కాసేపు అటూ ఇటూ తిప్పి, "లోపం దొరికిందా నాయనా?" అని అడిగింది. నిజం చెబితే బంతి పట్టుకుంటుందా, గిటారు కూడా వదిలేస్తుందా అన్నది నాకు తెలియలేదు. "స్ప్రింగే పాపా. ఇంకో కంపెనీది మెత్తగుంటాదంట, తెప్పిస్తాంలే," అన్నాను. "నేనూ అదే అనుకుంటి నాయనా," అంది.

మూడోది వచ్చిన కొన్నాళ్ళకు ఆరెంజి తగలడం మొదలైంది. ఆ గిటారు చేసినవాళ్ళు చల్లగా ఉండాలని డైరీలో రాసుకున్నాను. మరునాడు పక్కన కూర్చొని చూస్తే, ఆరెంజి వచ్చినప్పుడల్లా చెయ్యి మొత్తం కిందికి జరిపి ఉంగరం వేలితో నొక్కుతోంది. టైపు కూడా అట్లాగే తొమ్మిది వేళ్ళతో సాధించి హయ్యరు పాసైంది. చిటికెన వేలు ఈనాటికీ వంగలేదు. ఆ రోజే నిజం చెప్పి ఉంటే ఆ వేలు దక్కేదో, అబద్ధం చెప్పబట్టే మిగిలిన తొమ్మిదీ దక్కాయో, పాత గడులన్నీ తిరగేసినా తేలదు.

మూడు రోజులు తటపటాయించి నిన్న జవాబు రాశాను: "తెప్పించు పాపా. వస్తే ముందు నేను వాయించి చూస్తా." నిమిషం తిరక్కుండానే ఆమెనుంచి వచ్చింది: "ముందొకసారి చూసినావు కదా నాయనా. బెల్టు మళ్ళా కురచ చేసేది మరిచిపోయింటివి."

అయితే ఆ సాయంత్రం ఎవరు ఎవరిని కాపాడారు? టైపు ఇన్‌స్టిట్యూట్ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది. రాయడానికి ఈ కాలపువాళ్ళకు రెండు బొటనవేళ్ళు చాలు, చిటికెన వేలిని ఎవరూ అడగరు. ఒకే కప్పు కింద అన్నేళ్ళుండీ మేమిద్దరం చెప్పుకోలేని మాట, ఊళ్ళు వేరయ్యాక రెండు బొటనవేళ్ళ మీద అంత సులువుగా వచ్చేసింది. దాన్ని ఆనాటి ఖాళీ పేజీలో ఎక్కించాను. పేజీ ఇంకా సగానికి పైగా ఖాళీగానే ఉంది.