చాందికి పెండ్లి భోజనం

కొడకండ్లలో పెండ్లి కుదిరితే, ముహూర్తం కంటే ముందు వంట మేస్త్రి పౌలు ఆ రోజు ఖాళీగా ఉన్నాడో లేడో కనుక్కుంటారు. ముప్పై ఏళ్లుగా గరిటె పట్టిన చెయ్యి. ఎవరైనా విస్తరిలో అన్నం వదిలేస్తే ఆయనకు అది పరువు నష్టం. ఒకసారి జనగామలో పెండ్లికొడుకు జ్వరం వచ్చి తినలేకపోతే, ఉప్పు తక్కువైందేమోనని పౌలు మూడు రోజులు నలిగిపోయాడు.

అలాంటి మనిషి కిందటి ఫిబ్రవరిలో పక్క తండాకు చెందిన సోమ్లీ దగ్గర ఒక జెర్సీ ఆవును కొన్నాడు. దాని పేరు చాంది. పలుపు చేతికిస్తూ సోమ్లీ ఒక్కటే చెప్పింది.

"అన్నా, దీనికి జొన్న చొప్ప, వరిగడ్డి కడుపునిండ ఎయ్యి. దాణా జరంత సాలు."

పౌలు తలూపాడు గానీ, లోపల ఆవు మీద జాలి పడ్డాడు. పాపం, పుట్టినప్పటి నుంచి దీనికి వండిపెట్టిన వాళ్లే లేరు!

మే నెల వచ్చింది. ఎండకు చాంది నోరు తెరిచి రొప్పుతూ, చొంగ కారుస్తూ, గడ్డి ముట్టడం తగ్గించింది.

"ఎండ దిగినంక తింటది తియ్యి," అంది పౌలు భార్య లచ్చవ్వ.

"రుచి లేక తింటలేదే. ఎండుగడ్డి నీకు పెడితే నువ్వు తింటవా?"

"నాకెందుకు పెడ్తవయ్యా? నేనేమన్న ఆవునా?"

ఆ రోజే పొయ్యి వెలిగింది. నూకల జావ కాచి, తవుడు కలిపి, బెల్లం వేసి పెట్టాడు. చాంది తొట్టి అడుగు దాకా నాకింది. పౌలు కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత రోజుకో వంటకం పెరిగింది, రోజుకో గడ్డిమోపు తగ్గింది.

పది రోజులకు పాలకేంద్రంలో పాలు కొలిచే కిష్టయ్య మిషన్ చూసి తల గోక్కున్నాడు. పాలల్లో వెన్న శాతం, నాలుగు ఉండే ఫ్యాట్, రెండున్నరకు పడిపోయింది.

"పౌలన్నా, నీళ్లేమన్న కలిసినయా?"

"నా పప్పుచారులనే నీళ్లు కలపనోన్ని, పాలల్ల కలుపుతనా?" అని పౌలు గిన్నె పట్టుకుని చరచరా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే చాందినే పాలకేంద్రానికి తోలుకొచ్చాడు. బజారంతా చూస్తుండగా చొక్కా చేతులు మడిచి, అక్కడే పాలు పిండి, గిన్నెను మిషన్ దగ్గర పెట్టాడు. ఫ్యాట్ రెండు పాయింట్ నాలుగు.

"అన్నా, నీ మీద నాకు అనుమానం లేదు," అన్నాడు కిష్టయ్య మెల్లగా. "ఆవు మీదనే."

ఆ వారమే ఒక పెండ్లిలో బగారన్నం సగం గంగాళం మిగిలింది. పారేయడానికి మనసొప్పక పౌలు దాన్ని ఇంటికి తెచ్చి చాంది ముందు పెట్టాడు. తెల్లారేసరికి చాంది లేవలేదు. నెమరు లేదు. పేడ నీళ్లలా పోతోంది. పశువుల దవాఖాన నుంచి డాక్టర్ లత వచ్చి, ఆవు డొక్క మీద స్టెత్ పెట్టి విన్నది.

"ఏం పెట్టినవ్ పౌలన్నా?"

పౌలు పెండ్లివారికి వంటల పట్టీ చెప్పినట్టే చెప్పాడు. "పొద్దుగాల బెల్లం జావ. పగటిపూట నూకలన్నం, తవుడు. నిన్న బగారన్నం. మసాలా తక్కువనే మేడం."

"పెరుగు పచ్చడి పెట్టలేదా?"

"పులుపు పడదేమోనని పెట్టలే."

"ఇప్పుడు దాని కడుపంత పులుపే ఉన్నదన్నా!"

ఆమె సూది మందు వేసి, తినే సోడా నీళ్లలో కలిపి తాగించింది. తర్వాత అరుగు మీద కూర్చుని విడమరచింది. "ఆవు పీచు మేత నమిలితేనే ఉమ్మి ఊరుతది. ఆ ఉమ్మి కడుపులకు పోయి పులుపును విరుస్తది. ఎండకు రొప్పుతుంటే ఉమ్మి బయటికే కారిపోతది. గసుంటప్పుడు గడ్డి కూడ తగ్గిస్తే ఎట్ల? పీచు లేకుంటే పాలల్ల వెన్న ఎక్కడికెళ్లి వస్తది? చల్లపొద్దుల, సాయంత్రం గడ్డి ఎయ్యి. నీడ, నీళ్లు ఎప్పుడూ ఉండాలె."

పౌలు నేల మీద చతికిలబడ్డాడు. ముప్పై ఏళ్లలో ఆయన వంట తిని మంచాన పడ్డ ప్రాణి ఇదే మొదటిది.

మూడు రోజులకు చాంది లేచింది. పౌలు కత్తిపీట ముందేసుకుని గడ్డిని పొడి పొడిగా తరిగాడు. మళ్లీ చూడ్డానికి వచ్చిన డాక్టరమ్మ గుప్పెడు తీసి చూసి, "గిది కొత్తిమీర గాదన్నా. వేలెడు పొడుగన్న ఉండాలె. గింత సన్నగ చేస్తే నమలకుండనే మింగుతది," అంది.

పొడుగు సరిచేశాడు. కానీ రుచి మరిగిన చాంది గడ్డిని ముట్టెతో పక్కకు తోసి దాణా మాత్రమే ఏరుకుని తినసాగింది. పౌలు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. పెండ్లిలో అన్నం వదిలి ముక్కలు ఏరుకునే వాళ్లను ఆయన ఎంతమందిని చూడలేదు!

వెంటనే గంగాళం దించాడు. చొప్ప, గడ్డి, దాణా అన్నీ పోసి, నీళ్లు చిలకరించి, బగారన్నం కలిపినట్టు అడుగు నుంచి పైకి తిప్పి తిప్పి కలిపాడు. ప్రతి గడ్డిపోచకూ దాణా అంటుకుంది. చాంది అటు వెతికింది, ఇటు వెతికింది. దారిలేక మొత్తం తినేసింది. తర్వాత తడి గోనెపట్టాలు కట్టిన కొట్టంలో పడుకుని తీరిగ్గా నెమరేసింది. పౌలు ఎదురుగా కూర్చుని లెక్కపెట్టాడు.

"యాభై ఐదు నములుళ్లు! లచ్చవ్వా, ఒక్క ముద్దకే!"

"నా అన్నం తినేటప్పుడు ఒక్కనాడన్న లెక్కబెట్టినవా?" అంది లచ్చవ్వ లోపలి నుంచి.

నెల తిరిగేసరికి ఫ్యాట్ మళ్లీ నాలుగుకు వచ్చింది. కిష్టయ్య చాయ్ తాగించి మరీ, నీళ్ల మాట అన్నది తన తప్పేనని ఒప్పుకున్నాడు.

తర్వాత బయ్యారంలో పెండ్లి పని పడింది. రెండు రోజులు ఊరు విడవాలి. పౌలు పప్పు తిప్పుతూనే ఫోన్ చెవికి ఆనించి లచ్చవ్వను అడుగుతున్నాడు.

"తిన్నదా? నెమరేసిందా? పొద్దున పేడ ఎట్లుండె, గట్టిగనా, పలచగనా?"

పప్పు రుచి చూద్దామని పక్కనే గిన్నె పట్టుకు నిలబడ్డ పెండ్లికొడుకు మేనమామ ఆ గిన్నెను మెల్లగా కింద పెట్టేశాడు.

"మా ఆవు సంగతి బాపూ," అన్నాడు పౌలు ఫోన్ దించి, నిండుగా నవ్వుతూ. "పరేషాన్ గాకు. గట్టిగనే ఉన్నదట."