దగ్గు మందుతో గెలిచిన బకెట్టు

“ఆ బకెట్టు చర్చికి తిరిగిచ్చెయ్యవే.”

“ఇస్తాలే, ముందు అన్నం తినయ్యా.”

మా ఆయన పోయేముందు ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలివే. తిరువూరులో చర్చి పండక్కి స్లో సైకిలు పోటీ పెట్టారు. కాలు కింద పెట్టకుండా ఆఖరున వచ్చినోడే గెలిచినట్టు. ఈయనే గెలిచి స్టీలు బకెట్టు తెచ్చాడు.

తర్వాత టీవీలో ఓ సినిమా వచ్చింది. దొంగచాటుగా మందు సూదులేసుకుని సైకిలు పందేలు గెలిచిన దొర కథ. ఆ దొర అబద్ధమాడినప్పుడల్లా ఈయన తువ్వాలు తీసి బకెట్టు మీద కప్పేవాడు.

“ఏమైందయ్యా నీకు?”

“నేనూ మందేశానే. మత్తుగా ఉంటే మెల్లగా తొక్కొచ్చని దగ్గు మందు సగం సీసా తాగా.”

నవ్వలేక చచ్చా.

ఈ ఆదివారం ఈ కాయితంతో పాటు బకెట్టు పాస్టరుగారికి ఇచ్చేస్తా. తువ్వాలు మాత్రం ఇవ్వను. కోడలా, నే చెప్పగా నువ్వు రాసింది ఓసారి చదువమ్మా.