‘ఏ చాప్టర్ల పోయింది?’ అని అడిగిన మేడమ్

వార్డులో బీపీ చూస్తుండగా ఫోన్ వచ్చింది. మా నర్సింగ్ ట్యూటర్ మేడమ్ పొద్దున గుండెపోటుతో పోయారట. డ్యూటీ ముగించి వనపర్తిలోని వాళ్లింటికి వెళ్లాను. అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఫైనలియర్ ఫలితం ఇంకా రాలేదు. “రాంగనే నాకు ఫోన్ జెయ్యి” అని పోయినవారమే అన్నారామె.

రెండో ఏడాదిలో నాకు నరాల జబ్బు వచ్చింది. కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. మాట రాకుండా, ఊపిరికి గొట్టంతో హైదరాబాద్ దవాఖానలో చాలా రోజులున్నాను. అనాటమీ అప్పటికే తప్పి ఉన్నాను. గోడ పట్టుకుని నడిచే దశలో తెలకపల్లికి తీసుకొచ్చారు. మేడమ్ బస్సెక్కి మా ఇంటికి వచ్చారు.

“పాణమైతే దక్కింది మేడమ్. ఇగ సదువెందుకు?” అంది అమ్మ.

“దక్కిన పాణాన్ని ఏం జేస్తరమ్మా? మూలకు కూసోబెడ్తరా?”

మరుసటి వారం అమ్మే నన్ను హాస్టల్లో దింపింది.

నా బ్యాచ్ ముందుకు పోయింది. జూనియర్ల మధ్య తలెత్తలేకపోయేదాన్ని. ఒకరోజు మేడమ్ నన్ను ప్రాక్టికల్ గదిలో మంచం మీద పడుకోమన్నారు. “నీకు మాట రానప్పుడు నర్సులు ఏం జేస్తే బాగుండనిపిచ్చింది? వీళ్లకు జెప్పు.”

“ముట్టుకునే ముందు జెప్తే బాగుండు మేడమ్. చెప్పకుంట పక్కకు తిప్పితే, కింద పడ్తున్ననేమో అని బుగులైతుండె.”

“రాసుకోండి. గిది బుక్కుల లేదు” అన్నారు మేడమ్ జూనియర్లతో. ఆ రోజు నుంచి జూనియర్లు నన్ను అక్కా అని పిలిచారు.

అయినా అనాటమీ మళ్లీ తప్పాను. వేళ్లు వణికి పేపరు పూర్తికాలేదు. నా వల్ల కాదని ఏడుస్తూ వెళ్తే ఆమె ఓదార్చలేదు. “ఏ చాప్టర్ల పోయింది?” అని మాత్రం అడిగారు. తర్వాత రోజూ క్లాసులకు ముందు వరండాలో నడుస్తూ పాఠం చెప్పారు. కూర్చుని చెప్పడం ఆమెకు చేతకాదు. టిఫిన్ కూడా నిలబడే తినేవారు. నేను వెనకబడితే ఆగి, “జల్ది లేదు. గని ఆపకు” అనేవారు. ఆ నడకతో నా కాళ్లకూ బలం వచ్చింది. ఆ తర్వాత అనాటమీ పాసయ్యాను.

ఇప్పుడు ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. పాసయినా, తప్పినా ముందు చెప్పాల్సిన మనిషి లేరు.

ఆ రోజు మేడమ్ వాళ్లింటి ముందు, ఆమెను పడుకోబెట్టిన మంచం చుట్టూ మేమంతా నిలబడ్డాం. నాకంటే ముందే నర్సులైన నా పాత బ్యాచ్ వాళ్లు గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చారు. ఎండగాలి వీచి, ఆమె మీది తెల్లదుప్పటి అంచు పైకి లేచింది. నాలుగు వైపుల నుంచీ అందరం ఒక్కసారే వంగి, దుప్పటి మూలలు ఆమె మాకు వార్డులో నేర్పినట్టే మడిచి పరుపు కిందికి దోపాం.