భుజం మీదుగా వేసిన బంతి

ఉడుమలైపేట దాటగానే బస్సు టైరు దిగిపోయింది. కాళ్లు సాగదీద్దామని దిగిన అశ్విన్‌కు, పక్క తోపులో లారీ మీద నిలబడి టెంకాయలు అందుకుంటున్నది ఒకే జట్టులో ఆడిన తన పాత జతగాడు వెంకిడుసామి అని ఆ చేతులే చెప్పాయి. కిందనుంచి వచ్చే కాయను పసిబిడ్డను పట్టినట్టు అందుకుని, చూడకుండానే భుజం మీదుగా వెనక కుప్పలోకి వేస్తున్నాడు. ఈ పనిలో పట్టినదాన్ని ఉంచుకోవడానికి వీల్లేదు. తర్వాతి కాయ అప్పటికే గాలిలో ఉంటుంది. ఆ చేతులు చూసే అప్పట్లో కొత్త బేస్‌బాల్ లీగువాళ్లు అతనికి జీతమిచ్చి మైదానం అంచున నిలబెట్టారు. అతను పరుగెత్తి అందుకోని బంతి లేదు. ఒక సాయంత్రం మాత్రం, ఆట నడుస్తుండగానే, పట్టిన బంతిని అలవాటు కొద్దీ వెనక్కి వేసేశాడు. ఆ సందులో ఎదుటివాళ్లు పరుగులు తీసి గెలిచారు. మర్నాడే అతన్ని పంపేశారు.

"అన్నా, ఇప్పుడు జట్టు నాది. నీవు లేక ఆ అంచంతా బోసిగా ఉండాది, దా!" అన్నాడు అశ్విన్.

"మళ్లా ఎనక్కి ఏస్తేనోప్పా?"

"పట్టినంక చేతిలోనే పెట్టుకో, అంతే. ఇదో, చూస్తాను!" అంటూ అశ్విన్ సంచిలోని బంతిని ఎత్తుగా విసిరాడు.

వెంకిడుసామి ఒంటిచేత్తో అందుకున్నాడు. వేళ్లు దాన్ని ఒక్క క్షణం బిగించి పట్టుకున్నాయి. తర్వాత చూడకుండానే భుజం మీదుగా వేశాడు. బంతి వెళ్లి టెంకాయల కుప్ప నడినెత్తిన కుదురుగా కూర్చుంది. అతను నవ్వి, తువ్వాలు దులుపుకుని, లారీ దిగి, తోపు లోపలికి నడిచిపోయాడు.