నాగమణమ్మ తినని బేనిషాన్

తనను మోసం చేసే పండ్లవాడు హైదరాబాదు ఉప్పుగూడలో ఇంకా పుట్టలేదని నాగమణమ్మ చెప్పుకునేది. తెనాలి నుంచి వచ్చి ఇన్నేళ్లైనా ఈ ఊరి మీద ఆవిడకు గురి కుదరలేదు. తక్కెడ తిరగేసి చూసేది, పాలు వేలితో చూసేది, మామిడిపండైతే తొడిమ దగ్గర ముక్కు ఆనించి వాసన చూడందే సంచిలో పడనిచ్చేది కాదు.

తొంభై ఆరు ఎండాకాలంలో కోడలి తల్లి విమలాదేవి మొదటిసారి భోజనానికి వస్తానంది. "హైదరాబాదులో మన పళ్లేం దొరుకుతాయి లెండి" అని పెళ్లిలోనే మూతి విరిచిన మనిషి. "బంగినపల్లి పెట్టకపోతే నన్నడగండి" అని ఈవిడ పదిమంది ముందూ అనేసింది. ఇక పరువంతా ఆ పండు మీదే.

వియ్యపురాలు వచ్చే రోజు పొద్దున్నే నాగమణమ్మ సందు చివర బీరయ్య పండ్ల బండి దగ్గరకు వెళ్లింది.

"బంగినపల్లి ఉన్నాయా?"

"బేనిషాన్ ఉన్నయమ్మా. మస్తుగున్నయ్, తీస్కోండ్రి."

"నేనడిగింది అది కాదు."

"గదే ఇది. మీరు బంగినపల్లి అంటరు, మేం బేనిషాన్ అంటం. పండు ఒక్కటే."

నాగమణమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "ఊరు మారగానే పేరు మార్చుకున్నవాడు ఊరికే మార్చుకుంటాడా? ఎక్కడో ఏదో చేసొచ్చుంటాడు. నీ పండూ అంతే."

"పండు మీద గూడ కేసు పెడ్తరా ఏంది? వాసన జూడుండ్రి!" నవ్వాడు బీరయ్య.

ఆ నవ్వుతో అనుమానం గట్టిపడింది. పండు ముట్టుకోకుండానే ఆటో ఎక్కి చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి బజారుకు వెళ్లింది. అక్కడ గాజుల దుకాణం పక్కన తట్ట పెట్టుకున్నవాడొకడు ఈవిడ మాట తీరు విని, "బంగినపల్లి తల్లీ! అసలు సిసలు బంగినపల్లి!" అన్నాడు. ఈ ఊళ్లో ఆ పేరు పలికినవాడు దొరికాడని ఆవిడ కరిగిపోయింది. ముక్కు సంగతే మరిచిపోయింది. ఆటోవాడు ఎక్కడ కొట్టేస్తాడోనని దారంతా సంచి ఒళ్లోంచి దించలేదు.

ఇంటికొచ్చి ఒకటి కోసింది. పైన పసుపు, లోపల తెలుపు. ముక్క నోట్లో వేసుకుంటే నోరంతా పులుపు. మందు పెట్టి మగ్గేసిన పచ్చికాయలు. ఇంకోటి కోసింది. అదీ అంతే.

"ఏమైందత్తయ్యా?" వంటింట్లోంచి కోడలు హరిప్రియ అడిగింది.

"ఏమీ కాలేదు. నువ్వు పులిహోర చూడు."

కొంగు నెత్తిన వేసుకుని, ఎండలో మళ్లీ బీరయ్య ముందు నిలబడింది.

"ఏమ్మా, దొరికినయా మీ అసలువి?"

ఆవిడ ఒక పండు తీసి తొడిమ దగ్గర ముక్కు ఆనించింది. పుట్టింట్లో గడ్డి కింద మగ్గిన వాసన.

"ఏ పేరు మీద తూయమంటరు?"

"నోరు మూసుకుని తూచు."

భోజనాల దగ్గర విమలాదేవి రెండు ముక్కలు తిని, మూడోది తానే అందుకుంది. "బంగినపల్లే! ఒప్పుకున్నాను వదినగారూ. ఎక్కడ పట్టారు?"

"తిరగాలి మరి. చూసి తెచ్చుకోవాలి."

సరిగ్గా అప్పుడే కిటికీ కింద బీరయ్య కేక: "బేనిషాన్! మీఠా బేనిషాన్!"

విమలాదేవి చెయ్యి ఆగింది. "ఏవిటా కేక?"

"వాడేవో పండ్లమ్ముకుంటాడు లెండి."

"పేరు వింటేనే ఏదోలా ఉంది. అలాంటివి ఇంటికి తేకండి వదినగారూ, ఏం కలుపుతారో ఏమో!"

"నేనా? వాటి మొహం కూడా చూడను," అంది నాగమణమ్మ, టెంక చీకుతూ.